కొత్త స్పోర్ట్స్ కారు, నా అరుగు

ఈ రోజు నేను గెలిచాను. నలుగురికి చెప్పకపోతే రాత్రికి అన్నం తిన్నట్టుండదు.

కోదాడలో రైస్ మిల్లు నడిపే మా మేనల్లుడు కొత్త స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఇంతకుముందున్నదీ ఆ రకమే, కానీ ఇది దానికంటే పొడుగు, వెడల్పు. రెండే తలుపులు, అవి కూడా బారెడు. అది సూర్యాపేటలో మా సందులోకి రావాలంటే నా ఇంటి ముందు అరుగు కొట్టేయాలని ప్రాణం తీస్తున్నాడు. పెళ్లయిన నాటి నుంచి నేను కూర్చునే అరుగు. ఒప్పుకోలేదు.

అరుగు ఎంత అడ్డమో చూపిస్తానని పొద్దున కారు తోలుకొచ్చాడు. ఒక పక్క గోడ, ఒక పక్క నా అరుగు. కారైతే పట్టింది, తలుపులే తెరుచుకోలేదు. ముందుకు దారి లేదు, వెనక్కి పోదామంటే సందు మొదట్లో గడ్డి ట్రాక్టర్ ఆగి ఉంది, డ్రైవర్ లేడు.

అద్దం దించి, "మామా, జర చెయ్యియ్యి," అన్నాడు.

"ఎందుకురా? కొత్త మోడల్ అంటే పెద్దగనే ఉండాలంటివి గద! అండ్లనే కూసో, సల్లగుంటది."

"నీ కాళ్లు మొక్కుత, నవ్వకు మామా. బయటికి గుంజు."

మా సందులోని ఎస్టీడీ బూత్ దగ్గరి జనమంతా చూస్తుండగా కిటికీలోంచి లాగాను. ఎక్కడికి దిగాడు? నా అరుగు మీదికే. అక్కడే కూర్చుని చాయ్ తాగాడు. కొట్టేసే మాట మళ్లీ ఎత్తలేదు.

ప్రతి కొత్త కారూ పాతదానికంటే పెద్దగానే ఉండాలా? ఉండాలనేవాళ్లు రండి, వింటాను. కాకపోతే ముందు కారు దిగి వచ్చి చెప్పండి.