ఇఫ్తార్ బల్ల మీద తెల్ల డబ్బా

జోర్డాన్‌లోని మా సల్త్ ఊళ్లో ఇళ్లన్నీ మెట్లకు వేలాడుతుంటాయి. రంజాన్‌లో పొద్దుగూకే వేళకు ఆ మెట్ల మీద మనుషుల కంటే గిన్నెలే ఎక్కువ తిరుగుతాయి. పొరుగింటి గిన్నెకు బదులేమీ పంపకపోతే పరువు పోయినట్టే. మా వీధి ఆడపడుచు రుదైనాకు ఈ సంగతి తెలియక కాదు, పరిశోధన హడావిడిలో మరిచిపోయింది.

రుదైనా శాస్త్రవేత్త. నెలంతా తెల్ల రొట్టె మాని బార్లీ రొట్టె, పప్పు తింటే పేగుల్లోని సూక్ష్మజీవులు మారతాయా, దాంతో ఒంట్లో చక్కెర దిగుతుందా అన్నది ఆమె ప్రశ్న. అందుకు ఉపవాసాల ముందోసారి, చివరోసారి జనం మలం కావాలి. వీధి వీధంతా ముక్కు మూసుకుని నవ్వింది. అందరికంటే పెద్దగా నవ్వింది పైమెట్ల ఉమ్ నాయిఫ్. కింది మెట్ల పెద్దావిడ హజ్జా నుజ్హా ఒక్కతే, "దాచుకునే సొమ్మేం కాదుగా, తీసుకెళ్లమ్మా" అంది. ఆమెను చూసి మరికొందరూ ఒప్పుకున్నారు.

నెల తిరిగేసరికి హజ్జా చక్కెర మరెవరికీ దిగనంతగా దిగింది. ఎందుకో తేల్చాల్సింది ఆమె తన ఫ్రీజర్‌లో దాచిన చివరి మలం డబ్బాయే. రేపు పండగ, మిఠాయిలు తిన్నాక ఇచ్చింది పనికిరాదు. ఇచ్చినదాని మంచు కరిగినా అంతే.

ఆఖరి ఉపవాసం సాయంత్రం రుదైనా వచ్చి ఫ్రీజర్ తెరిస్తే డబ్బా లేదు.

"సౌసన్! ఇక్కడి తెల్ల డబ్బా ఏదే?" హజ్జా కొత్త కోడల్ని కేకేసింది.

"ఉమ్ నాయిఫ్ గారు ఖతాయిఫ్ మిఠాయి పంపారుగా అత్తయ్యా, బదులు పంపొద్దూ? మీరంత భద్రంగా మూత బిగించారు, ఐస్‌క్రీమేమో అనుకున్నా. ఇప్పుడే ఇచ్చొచ్చా."

హజ్జా గోడకు జారగిలపడింది. "చచ్చానే! ఇవాళ వాళ్లింట్లో కాబోయే వియ్యాలవారున్నారు!"

రుదైనా మెట్లన్నీ ఒక్క ఊపులో ఎక్కేసింది. అక్కడ అందరూ ఉపవాసం విడిచే అజాన్ పిలుపు కోసం చెవులు రిక్కించి కూర్చున్నారు. బల్ల నడుమ డబ్బా. దాని ఒంటి నిండా చెమట.

"వేళకొచ్చావే పిల్లా, కూర్చో! హజ్జా ఏం పంపిందో చూద్దాం." ఉమ్ నాయిఫ్ మూత మీద చెయ్యేసింది.

"తెరవకండి ఖాలా! పొరపాటున వచ్చింది. ఇచ్చేయండి."

"పెట్టింది వెనక్కడగడం కూడా ఉందా మీ వీధిలో?" వియ్యపురాలు కిసుక్కుమంది.

ఉమ్ నాయిఫ్ మొహం కందగడ్డైంది. పంతంగా మూత ఒక పక్క లేపింది. రుదైనా వంగి ఆమె చెవిలో ఒక్క మాట చెప్పింది.

ఆ చెయ్యి నిప్పు తాకినట్టు వెనక్కొచ్చింది. మరుక్షణం తిరిగెళ్లి మూతను అదిమి పట్టింది. ఒక్క ముక్క జారితే సంబంధమే జారుతుంది మరి.

"హజ్జా మందు వదినా ఇది," అంది గొంతు సవరించుకుని. "చల్లగా ఉండాలట."

అప్పుడే అజాన్ వినిపించింది. చేతులన్నీ ఖర్జూరాల మీదికి పోయాయి. ఆ సందులో ఉమ్ నాయిఫ్ ఊపిరి బిగబట్టి, డబ్బాను గుమ్మం దాకా తనే మోసింది. మూత మీద ఖతాయిఫ్ పళ్లెం కూడా పెట్టింది. కోపమైనా అలవాటు అలవాటే.

వీధి మలుపులో రుదైనా తెరిచి చూసింది. లోపలి సీసా ఇంకా రాయిలా గడ్డకట్టే ఉంది. తనూ ఉపవాసమేనని అప్పుడు గుర్తొచ్చి, ఆ ఖతాయిఫ్‌తోనే ఉపవాసం విడిచింది.

పండగ పొద్దున హజ్జా మొహం చూపలేక గడియ వేసుకుని వంటింట్లో దాక్కుంది.

"తలుపు తియ్ హజ్జా! కానుక తిప్పి పంపానని అలిగావా?" బయట ఉమ్ నాయిఫ్ గొంతు. తర్వాత బాగా తగ్గించి, "నా చక్కెర కూడా ఎక్కువే. ఆ పిల్లను నాకూ ఓ డబ్బా తెమ్మను. తెల్లది మాత్రం వద్దు. మా ఇంటికీ కొత్త కోడలొస్తోంది."