తొమ్మిది మ్యాచ్‌లకు వెయ్యి నూట పదహార్లు

"వెయ్యి సరే. ఆ పైన నూట పదహారు దేనికి?"

"మాకదే అలవాటు మేడమ్. గుండ్రంగా ఇవ్వరు. సున్నాతో ముగించకూడదంటారు."

"ఎందుకు?"

"నాకూ తెలీదు మేడమ్. మా నాయన్ని అడిగినా తెలీదనే అంటాడు."

కెనడాలో, గ్వెల్ఫ్ అనే ఊళ్లో ఒక కాలేజీ. పేరు రాయను. ఆటల ఆఫీసు తలుపు సగం తెరిచి ఉంది. బయట బెంచీ మీద కూర్చుని నేను ఆ ఇంగ్లిషు పోట్లాటంతా వింటున్నాను. లోపల మేనేజరమ్మ ఫోన్లో లెక్క కడుతోంది.

"సెప్టెంబరు నుంచి ఎన్ని మ్యాచ్‌లు ఆడావు?"

"తొమ్మిది."

"మ్యాచ్‌కి నూట ఇరవై నాలుగు డాలర్లు. సెంటు కూడా మిగల్లేదు. కానుకకు లెక్క ఇంత సరిగ్గా కుదరదు చంద్రికా. జీతానికే కుదురుతుంది."

"జీతమా? ఎవరిచ్చారు నాకు జీతం? మీరిచ్చారా?"

"మేమివ్వం. ఎవరి దగ్గరా తీసుకోనని నువ్వు సంతకం పెట్టావు."

"బస్సుల మీద నా బొమ్మ వేసుకున్నారే, దానికి పెట్టానా?"

"పెట్టావు. అదీ ఆ కాయితంలోనే ఉంది."

అది 2023 నవంబరు. ఆ ఏడు ఊళ్లో ఎటు చూసినా మనవాళ్లే. మూడు గదుల ఇంట్లో పది మంది, ఒక్క ఉద్యోగానికి రెండు వందల అప్లికేషన్లు. చంద్రికది నంద్యాల పక్క పల్లె. వాలీబాల్‌లో ఆమెది వెనక వరస, బంతి నేలకు తగలకుండా కాపాడే పని. జట్టంతా ఒక రంగు చొక్కా వేసుకుంటే ఆ చోట ఆడేవాళ్లకు వేరే రంగు ఇస్తారు. ఆ చొక్కాలో ఆమె గాల్లోకి దూకుతున్న ఫొటో తీసి కాలేజీ వాళ్లు బస్సులకు అంటించారు. అదే ఫొటో హైదరాబాదులో కన్సల్టెన్సీల గోడలకూ ఎక్కింది. మన అమ్మాయే ఆడుతోంది కదా, మనమూ వెళ్దాం అని ఎంతమంది ఫీజులు కట్టి విమానమెక్కారో ఎవరూ లెక్క కట్టలేదు.

ఆమెకు ముట్టింది రెండు జతల బూట్లు, ఒక ట్రాక్‌సూట్, ఫీజులో మూడో వంతు తగ్గింపు. ఆ తగ్గింపు చదువుకు సాయమట, ఆటకు కాదట. జట్టులో లేకపోతే మాత్రం అది ఉండదు. వారానికి నాలుగు సాయంత్రాలు ప్రాక్టీసు. ఆ గంటల్లో తోటి పిల్లలు కాఫీ షాపుల్లో నాలుగు డబ్బులు సంపాదించుకునేవాళ్లు.

ఆమె మ్యాచ్‌లకు వచ్చేది ఇద్దరే, విశ్వనాథం గారూ ఆయన భార్య పద్మిని గారూ. నేను వాళ్ల బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాణ్ణి. అదే కాలేజీని రెండో సెమిస్టర్‌లో వదిలేసి ఫుడ్ డెలివరీకి కారు తిప్పుతున్నాను. మంచులో ఆయన డ్రైవ్ చేయలేరు కనుక శనివారాలు నేనే తీసుకెళ్లేవాణ్ణి. ఆయన ఎముకల డాక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. పోయిన మార్చిలో పోయారు. అందుకే ఇప్పుడిది రాయగలుగుతున్నాను.

ఊళ్లో తెలుగువాళ్ల దీపావళి వేడుకలో ఆయన ఆమెకు శాలువా కప్పి, కవరు చేతిలో పెట్టి, ఊరుకోకుండా మైకు అందుకున్నారు. "కాలేజీ జట్టుకు ఆడుతున్నందుకు మన అమ్మాయికి వెయ్యి నూట పదహార్లు!" హాలంతా చప్పట్లు. ఎవరో ఉత్సాహవంతుడు ఆ మాటను ఇంగ్లిషులోకి మార్చి ఫేస్‌బుక్‌లో పెట్టాడు. కాలేజీకి కూడా తెలియాలి కదా అని ట్యాగ్ చేశాడు. మెచ్చుకుంటారనుకున్నాడు. మూడో రోజుకల్లా ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది.

మేనేజరమ్మ ఒక దారి చూపించింది. డబ్బు వాపసు ఇవ్వాలి. ఇచ్చినాయన, క్రీడాకారిణికి డబ్బిచ్చి తప్పు చేశానని కమిటీకి రాసి సంతకం పెట్టాలి. శుక్రవారం లోపల.

కారెక్కగానే అన్నాను, "గంటలో సంతకం పెట్టించుకొస్తా. ఆయనకది రెండు నిమిషాల పని."

"చదివేదానికి రెండు నిమిషాలు. తర్వాత?"

"తర్వాతేముంది? నువ్వు ఆడతావు."

"శాలువా జారిపోకుండా ఆయన రెండుసార్లు సర్దినారు. చూడలేదా?"

"జారుతుంటే సర్దారు."

"నీకు గుండె లేదబ్బా."

"నీకు బుర్ర లేదు. జనవరి ఫీజు ఎవడు కడతాడు?"

"నేనే."

"ఎట్లా?"

సీటు బెల్టు పెట్టుకుంటూ అంది, "అంత పెద్దమనిషి చేత తప్పు చేశానని రాయించి, ఆయన ముందరే ఆడమంటావా? ఆడలేను తారక్."

నేను వినలేదు. కాయితం నేనే టైపు చేసి గురువారం పైకి తీసుకెళ్లాను. పద్మిని గారు పులిహోర కలుపుతున్నారు. విశ్వనాథం గారు తల తిప్పి, "శనివారం మ్యాచ్ ఎన్నింటికోయ్?" అన్నారు. "రెండింటికండీ" అని చెప్పి, కాయితం జేబులోనే ఉంచుకుని కిందికి దిగిపోయాను.

శుక్రవారం దాటింది. ఆమెను జట్టు నుంచి తీసేశారు.

పెద్దవాళ్లకు మోకాలు నొప్పని చెప్పింది. పట్టీ కట్టుకుని గ్యాలరీలో వాళ్ల పక్కనే కూర్చుంది. ఆయన ఊరుకుంటారా? బ్రేకులో వంగి మోకాలు నొక్కి చూశారు, మడిచి చూశారు, చాపి చూశారు. ముప్పై ఏళ్లు మోకాళ్లే చూసిన మనిషి. కాసేపు చెయ్యి ఆ మోకాలి మీదే ఉంచి, "విశ్రాంతి తీసుకో తల్లీ" అన్నారు. ఆయనకేం అర్థమైందో నేనెప్పుడూ అడగలేదు.

జీతమిస్తే ఆట చెడిపోతుందని నాతో వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆమె ఆటను బస్సుకు అంటించిన రోజే అమ్మేశారు. డబ్బు ఆమె చేతికి రాలేదు, అంతే తేడా. ఈ మాట అంటే నన్ను చదువు మానేసినవాడివంటారు. నిజమే, మానేశాను.

జనవరికి పూర్తి ఫీజు కట్టాల్సి వచ్చింది. గోడౌన్‌లో రెండు షిఫ్టులు చేసినా చాలలేదు. రిజిస్ట్రేషన్ ఆగింది, దానితో ఇక్కడ ఉండి చదువుకునే పర్మిట్ కూడా. ఫిబ్రవరిలో ఒక గురువారం ఆమెను టొరంటో ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లాను. దారిలో తిట్టాను. ఇప్పటికైనా ఆయనకు చెబుతానన్నాను. పెట్టె దించాక నా చేతిలోంచి దాన్ని తీసుకుంటూ అంది:

"అంకుల్ బతికున్నన్నాళ్లు చెప్పొద్దు. ఎల్లుండి సెమీఫైనల్ ఉంది. నేను లేనని ఆయన రానంటారు. నువ్వే బతిమాలి తీసుకుపో. మా పిల్లలకు చప్పట్లు కొట్టేది వాళ్లిద్దరే తారక్."