ఇంజనుకి వేసిన అక్షింతలు

నా చిన్నప్పుడు, సముద్రం దాటి వలసొచ్చిన మా తెలుగువాళ్ళ పేట అహ్లోన్‌లోని మా ఇంట్లో పులుసు గిన్నెకీ కిరసనాయిలు గిన్నెకీ తేడా లేకుండా పోయింది. తెల్లదొరలు వదిలేసి పోయిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారొకటి ఓడరేవు షెడ్డులో తుప్పు పట్టి ఉంటే, అక్కడ గుమాస్తాగా ఉన్న మా నాన్న ఇంటికి ఈడ్పించుకొచ్చాడు. రెండేళ్ళపాటు దాని ఇంజను ముక్కలు మా సావిట్లోనే. దేవుడి గూట్లో నట్లు, అమ్మ గిన్నెల్లో నానుతున్న జిడ్డు సామాను. నాన్న చేతులు ఎంత రుద్దినా ఆ కంపు పోయేది కాదు. చేతిముద్ద పెడతానంటే అన్నయ్యలు ముక్కు మూసుకుని పారిపోయేవారు. నేను మాత్రం తినేదాన్ని. నాన్న కలిపిన పప్పన్నం కిరసనాయిలు వాసనతో కూడా నాకు ఇష్టంగానే ఉండేది.

కొత్త పిస్టన్లు బజారులో దొరికే కాలం కాదది. వాటిని పక్క సందులోని మిల్లు తాతయ్య చేసిపెట్టాడు. ఇంజనుకి పెట్రోలు అందించే రెండు కార్బురేటర్లూ ఆయనే కడిగిచ్చాడు. మాకు చుట్టం కాదు, వీధి పిల్లలందరికీ తాతయ్యే. తను పనిచేసిన బియ్యం మిల్లు మూతపడ్డాక గుమ్మం ముందు ఇనుము చెక్కే లేతు మిషను పెట్టుకుని, మంచి పనివాడన్న పేరు మీదే బతికేవాడు.

ఇంజను బిగించిన రోజు నాయనమ్మ పూజ పెట్టింది. చివర్లో అందరి చేతుల్లో అక్షింతలు పోసింది. అందరూ తెరిచి నిలిపిన బానెట్టు మీద చల్లారు. వెనక కార్బురేటరుకి పెట్రోలు నిలిచే చిన్న గిన్నె ఒకటి ఉంటుంది. దాని మూత తీసి ఉంది. నాకది నైవేద్యం గిన్నెలా కనిపించింది. భక్తిగా చిటికెడు అందులో వేశాను. నాన్న చూసుకోకుండా మూత బిగించాడు.

ఇంజను వెంటనే అందుకుంది. కాని నాన్న యాక్సిలరేటరు నొక్కగానే దగ్గి ఆగిపోయింది. కాసేపాగితే మళ్ళీ అందుకుంటుంది, నొక్కితే మళ్ళీ ఆగుతుంది. మూడు రోజులు ఇదే వరస. ప్లగ్గులు తుడిచారు, వైర్లు మార్చారు, పెట్రోలు గొట్టం నోటితో ఊదారు. సలహాలిచ్చే పెద్దమనుషుల కిళ్ళీ ఉమ్ములతో మా గుమ్మం ఎర్రబడింది. మూడోరోజు నాన్న దోషిని కనిపెట్టేశాడు.

"ఆ ముసిలోడి పిస్టన్లే ఇదంతా. ఇంకెవుడూ ఆడికి పనివ్వకండి" అని వీధంతా వినేలా అరిచాడు.

ఆ మాట విని మిల్లు తాతయ్యే వచ్చాడు. నాలుగు ప్లగ్గులూ విప్పి గుడ్డ మీద వరసగా పెట్టాడు. ముందువి రెండు గోధుమ రంగులో ఉన్నాయి, వెనకవి రెండు సున్నంలా తెల్లగా ఉన్నాయి.

"పిస్టన్ల రోగం కాదు బావూ. ఈ రెండిటికీ తిండి అందట్నేదు" అన్నాడు.

ఆ రెండిటికీ పెట్రోలు పోసే వెనక కార్బురేటరు గిన్నె విప్పి అడుగున వేలు పెట్టాడు. పసుపు గింజలు. నొక్కినప్పుడల్లా పెట్రోలుతో కొట్టుకుపోయి దారికి అడ్డం పడుతున్నవి అవే. ఆయన నా వైపు చూశాడు. నా మొహమే చెప్పేసి ఉంటుంది. గుప్పిట మూసేశాడు.

"ఏటది?" అన్నాడు నాన్న.

"నలక, బావూ."

"సెప్పేనా! సరిగ్గా కడగడం కూడా రాదు" అని నాన్న జనం వైపు తిరిగాడు. తాతయ్య తల వంచుకుని మూత బిగించాడు. ఇంజను ఈసారి ఆగలేదు.

సందు మలుపు దాకా ఆయన వెనకే పరిగెత్తాను. గుప్పిట విప్పి చూపించి నవ్వాడు. "ఇంజనుకి అన్నం ఎట్టేవా పాపా? మీ అయ్య కొడతాడని సెప్పనేదు. నా పేరుకేటి, ఇంకో పని సేసి తెచ్చుకుంటాను."

ఆ నవ్వు భరించలేకపోయాను. ఇంటికొచ్చి, కారు తుడుచుకుంటున్న నాన్నకి ఏడుస్తూ అంతా చెప్పేశాను. దెబ్బలకి సిద్ధపడే వెళ్ళాను. నాన్న తుడవడం ఆపలేదు.

"తెలుసు. ఆడి బుజం మీంచి నేనూ సూసేను. ఊరుకో, ఎవుళ్ళకీ సెప్పకు" అన్నాడు. ముద్దుగా నా బుగ్గ నిమిరాడు కూడా.

ఆ సాయంత్రం నాన్న సబ్బుతో చేతులు తోముకుని పప్పన్నం కలిపాడు. రెండేళ్ళలో మొదటిసారి ఆ చేతికి కంపు లేదు. ముద్ద నోటి దాకా రాగానే నాకు వాంతి వచ్చినంత పనయింది. అసహ్యం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఆ చేతిముద్ద నేను మళ్ళీ తినలేదు.

మా వీధి పని తాతయ్యకి మళ్ళీ రాలేదు. వానలు మొదలయ్యేలోపు లేతు మిషను బండికెత్తించుకుని ఏటి అవతలి పేట తాకేటా వెళ్ళిపోయాడు. ఆయన చేసిన పిస్టన్లు మాత్రం నాన్న పోయేదాకా అరగలేదు.

ఇప్పుడు పక్క పేట సంచౌంగ్‌లో మనవరాలికి నేనే ముద్దలు కలిపి పెడతాను. కలిపే ముందు నా చెయ్యి ఒకసారి వాసన చూసుకుంటాను. ఎవరికీ చెప్పకు అని నాన్న అన్నప్పుడు, వీధికి నిజం నేనూ చెప్పలేదు కదా.