సముద్రం దగ్గర చేసిన నిద్ర

మా చిన్నప్పుడు... ఎండలు ముదిరి మా సాతంరాయి వాగు ఎండిపోయిందంటే ఇసుకలో చెలిమె తవ్వేవాళ్లం. నేను, యాదగిరి, ప్రభుదాసు. మోచేతి లోతు గుంట తీస్తే చాలు, అడుగున నీళ్లు ఊరేవి. మొదట ఊరిన బురదనీళ్లను కొబ్బరి చిప్పతో తోడి పారబోయాలి. ఆ తర్వాత ఎవరూ ముట్టకూడదు. తేటపడేదాకా చుట్టూ బోర్లా పడుకుని చూస్తూ ఉండాలి...

యాదగిరికి అంత ఓపిక ఉండేది కాదు. ముందే చిప్ప ముంచి నీళ్లన్నీ కలిపేసేవాడు. ప్రభుదాసు వాడి నెత్తి మీద ఒకటి ఇచ్చేవాడు. మళ్లీ మొదటి నుంచి...

ఆ వాగు ఇప్పుడు లేదు. మేం ముగ్గురం మాత్రం శంషాబాద్ చుట్టుపక్కలే ఉన్నాం.

మొన్న మూడు రోజుల సెలవులు కలిసొచ్చాయి. వాళ్లిద్దరూ భార్యాపిల్లలతో సూర్యలంక బీచికి బయలుదేరారు. నన్నూ రమ్మన్నారు. రానన్నాను. నా భార్య సుజాత పోయిన దగ్గర్నుంచి నలుగురిలో కూర్చోవడం చేతకావడం లేదు. మాకు పిల్లలు లేరు. ఇంట్లో మాటంటే ఆమెతోనే...

యాదగిరి మా గుమ్మంలో నిలబడి కదలలేదు.

"ఏం జేస్తవ్‌రా ఇంట్ల కూసోని? వచ్చే విమానం, పోయే విమానం లెక్కవెడ్తవా?"

"మధ్యల తిరిగొస్తే ఏమనొద్దు మరి."

"ఎట్లొస్తవ్? ఈదుకుంటనా?"

వెళ్లాను. నా బట్టలు మాత్రం వేరే సంచిలో పెట్టుకున్నాను.

కిరాయి బండిలో జంటలు జంటలుగా కూర్చున్నారు. నాకు డ్రైవర్ పక్క సీటు. వెనక నుంచి పిల్లల కేకలు, పులిహోర వాసన... దారి పొడవునా రోడ్డు చూస్తూ కూర్చున్నాను.

సముద్రం చూడగానే పిల్లల కంటే ముందు యాదగిరి పరిగెత్తాడు. కాసేపటికి అలలకు నాలుగడుగుల దూరంలో మోకాళ్ల మీద కూర్చుని ఇసుక తవ్వడం మొదలుపెట్టాడు. పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టాడు. ఈసారి నిజంగానే తేటపడేదాకా ఆగాడు. దోసిలితో తీసి కూతురు అక్షర నోటికి అందించాడు.

"తూ... డాడీ, ఉప్పు!"

"ఓ యాదిగా, సముద్రం పక్కన తియ్యటి నీళ్లు యాడికెల్లొస్తయ్‌రా?" అన్నాడు ప్రభుదాసు.

"మన వాగుల వచ్చినయ్ గదరా!"

"మన వాగు గిట్ల ఉరికొచ్చి కాళ్లు గుంజేదా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను... ఎన్నాళ్లకో. ఆ నవ్వులోనే అలవాటుగా సుజాతకు ఏదో చెప్పబోతూ పక్కకు తిరిగాను. పక్క కుర్చీలో పిల్లల తడి తువ్వాళ్లు ఉన్నాయి.

లేచి గదికి వెళ్లి సంచి సర్దుకున్నాను.

ఆ తువ్వాళ్లు ఆరేయడానికి వచ్చిన యాదగిరి భార్య మంజుల గుమ్మంలో ఆగిపోయింది.

"సంచేంది అన్నా?"

"బాపట్లల సాయంత్రం రైలున్నది. నేను పోత మంజులా. మీరు పరేషాన్ గాకుండ్రి."

ఆమె నా సంచి తీసుకుని మంచం మీద పెట్టింది.

"పోతనంటే ఎట్ల? ఉత్తగ సముద్రం సూడనీకె తోల్కొచ్చినమా నిన్ను? నిద్ర చేపియ్యాలని తోల్కొచ్చినం. నువ్వు యాడ నిద్ర చేసినవ్ చెప్పు?"

నేను మంచం అంచున కూర్చున్నాను.

మా వైపు ఇంట్లో మనిషి పోతే, దినాలయ్యాక దగ్గరివాళ్లు వచ్చి మిగిలిన మనిషిని తమ ఇంటికి తీసుకుపోతారు. ఒక రాత్రయినా అక్కడ పడుకోవాలి. దాన్నే నిద్ర చేయడం అంటారు. మా తాత పోయినప్పుడు షాద్‌నగర్ నుంచి మేనత్త వచ్చి నానమ్మను తీసుకుపోయింది. నేను తోడు వెళ్లాను. అక్కడ ఎవరూ ఓదార్చలేదు. కోడిని కోశారు, తిన్నాం, పడుకున్నాం. తెల్లారి వాళ్ల మేక కొంగు నమిలితే నానమ్మ దాన్ని పట్టుకుని నోరారా తిట్టింది. అన్ని రోజుల తర్వాత ఆమె గొంతు విన్నాం... మేనత్త కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

నాకు తోడబుట్టినవాళ్లు లేరు. సుజాత తమ్ముడు దినాల రోజు సాయంత్రమే బండెక్కాడు. నన్నెవరూ పిలవలేదు. పిలవలేదన్న సంగతి కూడా నేను ఎవరితోనూ అనలేదు.

"అప్పుడే అడుగుదమని రెండుసార్లు వచ్చిన. నువ్వు తలుపు తియ్యలే" అంది మంజుల. "అన్నా అని పిలుస్తున్న గద ఇన్నేండ్ల సంది! చెల్లె ఇంట్ల నిద్ర చెయ్యకుండ పోతవా? ఇయ్యాల ఇదే మా ఇల్లు."

ఇంతలో ప్రభుదాసు తడి బట్టలతోనే లోపలికి వచ్చాడు. సంచి చూశాడు, నన్ను చూశాడు.

"మా క్రిస్టియన్లల ఈ నిద్రలు గిట్ల లేవు గని... నువ్వు పోతే ఆ యాదిగాడు మళ్లొక చెలిమె తవ్వుతడు. పోరగాండ్లతోని ఇగ సముద్రమంత తాగిపిస్తడు. నీ ఇష్టం మరి."

ఉండిపోయాను.

చేపల పులుసుతో అన్నం పెట్టారు. రెండోసారి వడ్డిస్తుంటే వద్దనలేదు. నేల మీద వరసగా పక్కలు వేశారు, పిల్లల చివరన నాకు. సుజాత గురించి ఎవరూ మాట్లాడలేదు. తెల్లవారుజామునే మెలకువ వచ్చి, ఎప్పుడు తెల్లారుతుందా అని ఎదురుచూసే అలవాటు నాది. ఆ రోజు మెలకువ రాలేదు. కళ్లు తెరిచేసరికి కిటికీ నిండా ఎండ.

"మామా, నువ్వు మా డాడీ కంటే గట్టిగ గురకవెట్టినవ్!" అంది అక్షర.

తిరిగొచ్చి ఇంటి తాళం తీశాను. ఇల్లు ఎలా ఉందో అలాగే ఉంది. ఒక నిద్రతో అది మారదు. మేనత్త మాత్రం ఆ రోజు నానమ్మ బాధంతా తీరుద్దామని తీసుకుపోయిందా ఏమిటి... ఒక్క రాత్రి తోడుగా పడుకోబెట్టడానికే.

ఇప్పుడు దినాలకు కార్లలో వస్తారు. మధ్యాహ్నం భోంచేసి, చీకటి పడకముందే ఎవరిళ్లకు వాళ్లు... తప్పనడం లేదు, ఎవరి పనులు వాళ్లవి. మిగిలిన మనిషి మాత్రం అదే గదిలో, అదే మంచం మీద పడుకుంటాడు.

మీ వైపు ఈ నిద్ర ఇంకా ఉందా? మిమ్మల్ని పిలిచి, పక్క వేసి పడుకోబెట్టిన వాళ్లెవరో రాయండి. ఎవరూ పిలవకపోతే... అదీ రాయండి. చదువుతాను.