ఏడో లైను పార్కులో రెండు నూతులు

ఆదిబాబు గీసిన పటాల మీద ఆదిబాబు పేరు ఉండేది కాదు.

జంషెడ్‌పూర్‌లో నాలుగైదు పార్కుల బాగోగులు చూసే సువర్ణ ఉద్యాన ట్రస్టులో ఆయన డ్రాఫ్ట్స్‌మన్. ఎండాకాలం చెమట కాగితం మీద పడకుండా మణికట్టుకి చేతిరుమాలు చుట్టుకుని, ఒక్కో చెట్టూ ఒక్కో బెంచీ నల్లసిరాతో ముత్యాల్లా దిద్దేవాడు. పటానికి కుడివైపు అడుగున చిన్న గడి ఉంటుంది, గీసినవాడి పేరు రాయడానికి. అందులో తన పేరు రాసుకునేవాడు. పటం పైకి వెళ్ళేముందు ఇంజనీరు సీతారామరావుగారు దాన్ని వెనక్కి పంపేవారు.

"ఆ పేరు తీసెయ్యి ఆదిబాబూ. డబ్బిచ్చేవాళ్ళకి కలకత్తా కన్సల్టెంటు గీసినట్టు ఉండాలి."

ఆదిబాబు గడ్డం గీసుకునే బ్లేడుని సగానికి విరిచి, ఆ ముక్కతో సిరాని పొరలు పొరలుగా గీకేవాడు. గీకిన చోట గోటితో రుద్ది నునుపు చేసేవాడు. ఇంటికొచ్చి చెబితే భార్య కాంతం మండిపడేది. "పోన్లేవే, పేరు వండుకు తింటామేటి?" అనేవాడు.

అలా పద్దెనిమిదేళ్ళు ఊరుకున్నాడు. తన పేరు తానే గీకేసుకున్న మనిషి చేత మరేదైనా గీకించవచ్చునని పైవాళ్ళకి బాగా తెలుసు.

1994లో బారిడీహ్ కాలనీ క్వార్టర్లలో ఏడో లైను పక్కన బీడుపడిన జాగాని పార్కు చేయాలని ట్రస్టు అనుకుంది. ఆదిబాబు వెళ్ళి టేపు పట్టి కొలతలు తీసుకొచ్చి పటం గీశాడు. అందులో రెండు వలయాలు పెట్టాడు. ఒకటి గోడ మూలన, రెండోది సరిగ్గా జాగా నడుమ.

"ఇవేమిటి?" అన్నారు సీతారామరావుగారు.

"పాత నూతులు సార్. కూలీల పాకలున్నప్పటివి."

ఆయన బీరువాలోంచి పాత ఫైలు తీసి దుమ్ము దులిపారు. "ఇదిగో, అరవై రెండులోనే పూడ్చేశారని రాసుంది. ఇప్పుడు నువ్వు వీటిని చూపిస్తే మట్టి పరీక్షలంటారు. మార్చి దాటిపోతుంది. వచ్చిన నిధి వచ్చిన దారినే పోతుంది. పూడ్చేసిన బావి బావి కాదయ్యా. గీకెయ్."

ఆదిబాబు నోటి దాకా ఒక మాట వచ్చింది. వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది.

ఆ నూతులు పూడ్చలేదు. ఆ సంగతి తెలిసినవాళ్ళలో అప్పటికి బతికున్నది ఆయనొక్కడే.

ఆదిబాబు తండ్రి అప్పన్న, శ్రీకాకుళం వైపు నుంచి మట్టిపనికి వచ్చిన జట్టులో మనిషి. జట్టులో పన్నెండు మంది. పాకలు తీసేసి క్వార్టర్లు కడుతున్నప్పుడు, వాళ్ళు పదేళ్ళు తాగిన నూతుల్ని వాళ్ళనే పూడ్చమన్నారు. నీళ్ళున్న నూతిలో మట్టి పోయడమంటే మన పల్లెల్లో ఎంత పాపమో చెప్పక్కర్లేదు. పన్నెండు మందీ కూడబలుక్కున్నారు. రైలు పట్టాల కింద వేసే పాత కొయ్య దుంగలు తెచ్చి నూతి నోటికి అడ్డంగా పరిచారు. మీద గోనెలు కప్పారు. గోనెల మీద మోకాలెత్తు మట్టి. పసుపు చల్లి దండం పెట్టి, "పూడ్చేసినాం సాబ్" అన్నారు. సూపర్వైజరు బూటుకాలితో రెండుసార్లు తొక్కి చూసి సంతకం పెట్టేశాడు.

ముసలితనంలో అప్పన్న కొడుక్కి ఆ చోట్లు చూపించి మరీ ఈ ముచ్చట చెప్పుకుని మురిసిపోయేవాడు. "తాగిన నూతికి ఎవులైనా మట్టి కొడతారేట్రా? గంగమ్మ నోట్లో మన్ను కొడితే వంశం నిలబడదు. ఇప్పటికీ బతికే ఉందిరా కింద, సల్లటి తల్లి."

ఇప్పుడు నిజం చెబితే, చేయని పనికి కూలి తిన్నవాడని చచ్చిపోయిన తండ్రిని నలుగురూ అంటారు. ఆదిబాబు బ్లేడు విరిచాడు. రెండు వలయాలూ గీకేశాడు.

కానీ ఆ గీకుడుని కాగితం మరిచిపోలేదు. ఎంత నునుపు చేసినా గీకిన చోట పటం మసకబారుతుంది. పటానికి నకలుగా అమ్మోనియా ప్రింటు తీసినప్పుడల్లా ఆ మసక నీలంగా తేలుతుంది. ప్రతి ప్రింటులోనూ పార్కు మధ్య ఒకటి, గోడ మూలన ఒకటి, సన్నటి గుండ్రటి నీడలు. "ఏంటి ఆదిబాబూ, టీ గ్లాసు పటం మీద పెట్టేశావా?" అని ఆఫీసులో నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు. నవ్వుతూనే ఆ ప్రింటు చుట్టి పక్కన పెట్టేసేవాడు.

పార్కు తయారైంది. రిబ్బను కత్తిరించారు. దాన్ని ఊడ్చడానికి నూకమ్మ అనే మనిషిని రోజుకూలికి పెట్టారు. ఇచ్ఛాపురం అవతల నుంచి వచ్చింది, నలభై దాటిన మనిషి, నోరు ఊరుకునేది కాదు. కాంతం చేతి అన్నం ఎన్నిసార్లు తిన్నదో లెక్కలేదు. పొద్దున్నే ఆదిబాబు పార్కు చుట్టూ తిరుగుతుంటే చీపురు ఆపి మరీ వేళాకోళం చేసేది.

"ఏటి ఆదిబావూ, తెల్లారకుండానే తయారు! మా కాంతమ్మ గెంటేసిందేటి?"

ఒకరోజు ఆయన ఉండబట్టలేక అన్నాడు. "నూకమ్మా, ఆ గోడ మూలకెళ్ళకు."

"ఏటుందక్కడ?"

నుయ్యుంది అనాలి. మూడక్షరాల మాట. ఆయన నోట్లోంచి వేరే మాట ఊడిపడింది. "పాముంది. నాను సూసాను."

"ఓలమ్మ! నాగుపామే?"

"ఆఁ. పెద్దది."

నూకమ్మ మొహం మారిపోయింది. భయపడిందిలే, ఇక అటు పోదు అనుకుని ఆదిబాబు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె భయపడలేదు. లోపల్లోపల చేతులు జోడించింది.

ఇనుము మరిగే ఊళ్ళో పుట్టలెక్కడివి? నాగులచవితి వస్తే మన ఆడవాళ్ళు బస్సెక్కి, నది మీది మాంగో వంతెన దాటి, అటు పొలాల గట్ల మీద ఎక్కడో పుట్ట వెతుక్కునేవాళ్ళు. ఆ ఏడు, 1996లో, నూకమ్మకి ఆ తిప్పలు లేకపోయాయి. గోడ మూలన గడ్డిలో మోకాలెత్తు పుట్ట లేచి ఉంది. నాగు ఉందని ఆదిబాబు తన నోటితో చెప్పాడు. పుట్టా ఉంది, పామూ ఉంది, ఇంకేం కావాలి?

ఆ పుట్ట ఎందుకు లేచిందో ఒక్క ఆదిబాబుకి తెలియాలి. చెదపురుగు ఉత్తినే రాదు. కింద కొయ్య ఉంటేనే వస్తుంది. ముప్పై నాలుగేళ్ళుగా అది ఆ దుంగల్ని నమిలి నమిలి, మట్టిని పైకి మోసి పుట్ట కట్టింది. ఆయన ఆ పుట్టని రోజూ చూస్తూనే ఉన్నాడు. చూసిందాన్ని తలలోకి రానివ్వలేదు.

చవితినాడు తలంటుకుని, చీపురు పక్కన పెట్టి, పాలూ చిమ్మిలీ కోడిగుడ్డూ పట్టుకుని నూకమ్మ ఒక్కతే వెళ్ళింది. పుట్టలో పాలు పోసింది. చుట్టూ తిరగడం మొదలెట్టింది. రెండు చుట్లు తిరగడం గేటు దగ్గరున్న వాచ్‌మన్ చూశాడు. మూడో చుట్టులో పుట్టా లేదు, మనిషీ లేదు.

మధ్యాహ్నానికి పైకి తీశారు. కూలీల హాజరు వేసే మస్టర్లో పేరు లేదు కాబట్టి రిపోర్టులోనూ పేరు లేదు. "వర్షాలకు నేల కుంగి ఒక మహిళ మరణం" అని రాసుకున్నారు. మర్నాడు లారీలతో బొగ్గు బూడిదా రాళ్ళూ తెచ్చి ఆ గొయ్యి నింపేశారు. రెండోది ఎక్కడైనా ఉందా అని ఇంజనీరు అడగలేదు, ట్రస్టు అడగలేదు, చుట్టూ చేరిన జనమూ అడగలేదు. అడగలేదు కాబట్టి ఆదిబాబూ చెప్పలేదు.

అప్పటినుంచి ఆయన నేల మీద నమ్మకంగా కాలు మోపలేకపోయాడు. ముందు ఒక పాదం ఆనించి, బరువు మోపి, ఆ తర్వాతే రెండోది. ఆఫీసు వరండాలోనూ అంతే, వంటింట్లోనూ అంతే. కాంతం పెనం మీద గుండ్రటి అట్టు తిప్పుతుంటే మొహం తిప్పుకునేవాడు. ఇంట్లో చిమ్మిలి దంచనిచ్చేవాడు కాదు. పొద్దున ఫ్యాక్టరీ సైరను కూయకముందు పార్కులో చీపురు చప్పుడు వినపడేది. ఊడ్చేవాళ్ళు ఇంకా వచ్చి ఉండరు. గడ్డి మీద చీపురు నడిచినట్టు సుయ్ సుయ్‌మని, గోడ మూల నుంచి నడిమి జాగా వైపు వచ్చేది. సరిగ్గా అక్కడ ఆగేది.

ఆ జాగా అంచున ఒక బెంచీ ఉంది. ఏడేళ్ళు ఆయన డ్యూటీకి ముందూ తర్వాతా ఆ బెంచీ మీద కాపలా కూర్చున్నాడు. ఆ గడ్డి మీద ఎవరు దుప్పటి పరిచినా, ఎవరు బంతాడినా అరిచి తరిమేసేవాడు. పిల్లలు ఆయనకి "పార్క్ కా భూత్" అని, అంటే పార్కు దెయ్యమని, పేరు పెట్టారు. పటాల మీద దొరకని పేరు ఆయనకి అలా దొరికింది.

2003లో పార్కుల్ని బాగుచేయడానికి మళ్ళీ నిధి వచ్చింది. ఏడో లైను పార్కుకి దీపాలు, జారుడుబల్ల, నాలుగు ఉయ్యాలలు. నడిమి జాగా ఖాళీగా ఉంది కాబట్టి ఉయ్యాలలు అక్కడే అన్నారు. పటం గీయమని కాగితం ఆదిబాబు బల్ల మీదకే వచ్చింది. రిటైర్‌మెంటుకి ఇంకా నాలుగు నెలలున్నాయి.

ఆ సాయంత్రం ఇంట్లో మొత్తం చెప్పేశాడు. కూతురు కల్పన తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే పిల్ల. "చుప్ రహియే బాబా. చార్ మహీనే హీ తో బాకీ హైఁ," అంది, ఉన్నవి నాలుగు నెలలేగా ఊరుకోమని.

"నువ్వు నోర్ముయ్యే గుంటా," అంది కాంతం. భర్త మొహంలోకి చూసింది. "పాముందని దానికి నువ్వేనా సెప్పినావు?"

ఆదిబాబు తల దించుకున్నాడు.

ఆమె ఆయనకి ఎదురుగా పీట లాక్కుని కూర్చుంది. "మా మావ పేరు పోతాదనేనా ఇన్నాళ్ళూ దాసినావు? పోనీ. సచ్చిపోయినోడు పేరేటి సేసుకుంటాడు? ఉయ్యాలూగే పిల్లలకి కాలి కింద నేలుండాలి గానీ."

ఆదివారం పొద్దున పార్కులో షామియానా వేసి, కాలనీవాళ్ళని పిలిచి ట్రస్టువాళ్ళు కొత్త పటం చూపించారు. నడిమి జాగాలో ఉయ్యాల స్తంభాలకి గోతులు తవ్వడానికి ముగ్గు పోసి ఉంది. సీతారామరావుగారు మైకులో మాట్లాడుతుండగా ఆదిబాబు లేచాడు.

"సార్, ఆ ముగ్గు కింద నుయ్యుంది."

"రికార్డులో పూడ్చినట్టుంది. కూర్చో."

"రికార్డు అబద్ధం సార్. ఆ అబద్ధం మా నాన్నది. దాని మీద మీరు గీకమన్నారు, నేను గీకాను. నూకమ్మ పోయిన మూల కూడా అలా గీకిందే. అక్కడ పాముందని చెప్పి దాన్ని పంపింది నేనే."

వెనక వరసలోంచి ఎవరో "అరే, భూత్ బోల్ రహా హై!" అన్నారు. దెయ్యం మాట్లాడుతోందని నవ్వులు లేచాయి. తెలుగు ఆడవాళ్ళు మాత్రం నవ్వలేదు. వాళ్ళలో ఇద్దరు లేచి, ఆయన వైపు చూడకుండా వెళ్ళిపోయారు.

ఆదిబాబు పనివాళ్ళ దగ్గర గునపం తీసుకున్నాడు. ముగ్గు మధ్య పోటు వేశాడు. గట్టిగా తగిలింది. మళ్ళీ వేశాడు. ఈసారి చప్పుడు వేరుగా వచ్చింది, ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు. మూడో పోటుకి గునపం ఆయన చేతుల్లోంచి జారి, ఉన్నట్టుండి నేలలోకి మాయమైపోయింది. మైకు గుయ్యిమంటోంది. కింద ఎక్కడో నీళ్ళు చప్పుడు చేశాయి. ఆ చప్పుడు షామియానా చివరి కుర్చీ దాకా వినిపించింది.

తవ్వి చూస్తే పద్నాలుగు దుంగల్లో మూడే మిగిలాయి. తక్కినదంతా చేతితో నలిపితే పొడి. ఆ నూతిని ఈసారి అడుగు నుంచి పూడ్చారు. ఉయ్యాలలు తూర్పు గోడ వైపు మార్చారు. అధికారిక పటాన్ని చెరిపిన నేరానికి ఆదిబాబుని మూడు నెలల ముందే ఉద్యోగంలోంచి తీసేశారు. చెరపమన్నవారిని ఎవరూ ఏమీ అనలేదు.

ఆయన ఇప్పటికీ పాదం ఆనించి చూసుకుని గానీ అడుగు వేయడు. "ఇంకా ఇనపడతందా సీపురు?" అని కాంతం అడుగుతుంది. "మానుతాదేటి?" అంటాడు. చెప్పేస్తే బరువు దిగిపోతుందని ఆయన అనుకోలేదు. దిగలేదు కూడా.

అప్పన్న భక్తిని తప్పుపట్టడానికి ఇదంతా రాయలేదు. తండ్రి మీద గౌరవంతో కొడుకు నోరు మూసుకున్నాడు, కొలువు మీద భయంతో మూసుకున్నాడు. కాగితంలో ఉంది కదా అని ఊరంతా మూసుకుంది. చచ్చిపోయింది మాత్రం పాలు పోయడానికి వెళ్ళిన నూకమ్మ.

మీ ఊళ్ళోనూ ఒక పార్కు ఉంటుంది. ఏదో ఒక ఏడాది దానికి నిధి వస్తుంది, మార్చిలోగా ఖర్చుపెట్టాలన్న తొందరా వస్తుంది. రంగులేసిన పటం చూసి చప్పట్లు కొట్టి రాకండి. పాత పటం తెమ్మనండి. అక్కడ ముందేముండేదో, పూడ్చిన నూతుల్నీ గోతుల్నీ ఎవరు పూడ్చారో, ఎవరు దిగి చూశారో అడగండి. మీ ఇంట్లో మట్టిపని చేసిన ముసలివాళ్ళుంటే ఇవాళే దగ్గర కూర్చుని, వాళ్ళు సిగ్గుపడి దాచిన సంగతులు కూడా చెప్పించుకోండి. తప్పు పట్టకుండా వినండి. విన్నది కాగితం మీద పెట్టి, నలుగురు సంతకాలు చేసి ఆఫీసులో ఇవ్వండి. నోటిమాటతో సరిపెడితే ఒప్పుకోవద్దు. రాతపూర్వకంగా జవాబిచ్చేదాకా అక్కడినుంచి కదలకండి.