కొలిమికి వీపు పెట్టే మనిషి

గాజువాక దాటాక ఒక చిన్న ఫౌండ్రీ ఉండేది. అందులో ఎల్లారావు గారు ఇరవై రెండేళ్లు కొలిమి దగ్గర నిలబడ్డారు. ఆయన "పొయ్యండి" అంటేనే కరిగిన ఇనుము అచ్చుల్లోకి వెళ్లేది.

1996లో నన్ను ఉద్యోగంలో పెట్టుకున్నది ఆ మాట కంప్యూటర్ చేత అనిపించడానికే. ఆయన్ని అడిగి, చెప్పిందల్లా నియమాలుగా రాసి మెషిన్‌కి నేర్పాలి. కొత్తగా చదివొచ్చిన పొగరు నాది. ఎందుకు, ఎందుకు అని నెల రోజులు ఆయన ప్రాణం తోడేశాను. ఇనుము రంగు, నిప్పురవ్వలు, పైన తేలే తెట్టు, అన్నీ ఓపిగ్గా చెప్పారు.

పొయ్యమనే ముందు ఆయన కొలిమికి వీపు పెట్టి కాసేపు నిలబడేవారు. ఎందుకని అడిగితే నవ్వేశారు.

"ఏటోనమ్మా, అలవాటు."

అలవాటు అని రాసుకుని, ఇదేం నియమమని కొట్టేశాను.

వానాకాలంలో ఒక రోజు స్క్రీన్ మీద "పోయవచ్చు" అని వచ్చింది. ఎల్లారావు గారు వీపు తిప్పి నిలబడి, "ఇంకా నేదు" అన్నారు. మేనేజర్ కారణం అడిగారు. ఆయన చెప్పలేకపోయారు.

"కారణం లేకుండా చెప్పేది గుడ్డి లెక్క" అని మేనేజర్ పోయించేశారు. ఇనుముకి సెగ చాలక నలభై పంపు భాగాలు పాడయ్యాయి.

మర్నాడు విచారణ. "శ్రీసత్య రాసిన నియమాలన్నీ నువ్వు చెప్పినవే. తప్పు నీదే" అన్నారు మేనేజర్. ఎల్లారావు గారు నా వైపు చూశారు. కొట్టేసిన మాట నాకు గుర్తుంది. ఉద్యోగం పోతుందేమోనని నోరు మెదపలేదు.

"నానే సరిగ్గా సెప్పనేదు కాబోలు బాబూ" అన్నారాయన. ఆయన్ని ఇసుక జల్లించే పనికి మార్చారు. ఏడాది తిరక్కుండా మానేశారు.

యంత్రానికి నిజంగా తెలివుంటుందా అని తర్వాత చాలా సభల్లో వాదించాను. ఆయన పేరు ఒక్కసారీ ఎత్తలేదు, సిగ్గులేనిదాన్ని.

2005లో వాళ్లింటికి వెళ్లాను. కట్టెల పొయ్యి మీద ఆయనే చేపల పులుసు పెడుతున్నారు. కబుర్ల మధ్య లేచి, పొయ్యికి వీపు పెట్టి నిలబడి, "సెగ సాల్దు" అని కట్టె ఎగదోశారు. చొక్కా లేదు. మెడ వెనక చర్మం కాగి కాగి నల్లగా గట్టిపడి ఉంది.

"వీపు ఎందుకు పెట్టారు?"

"పెట్టానేటి?"

మెడకు తెలిసింది ఆయన నోటికే అందలేదు. ఇక నా మెషిన్‌కేం అందుతుంది! వీపు పెట్టే అలవాటుని రాసుకుని కూడా నియమాల్లోంచి కొట్టేసింది నేనేనని అప్పుడు చెప్పాను.

ఎల్లారావు గారు చేత్తో మెడ తడుముకున్నారు.

"ఇన్నేళ్లూ నాది గుడ్డి లెక్కే అనుకుంటన్నానమ్మా. ఆ ముక్క ఆ రోజే సెప్పనేకపోయావా?"