దూప కాని మా నానమ్మ

మా చిన్నప్పుడు... అమీర్‌పేటలోని మా రేకుల ఇంట్లో, మే నెల మధ్యాహ్నాలు గచ్చు మీద చెంబుడు నీళ్లు చల్లుకునేవాళ్లం. నానమ్మా నేనూ ఆ తడి మీద పడుకునేవాళ్లం. తడి ఎటు మిగిలితే అటు జరుగుతూ, చివరికి ఇద్దరం గోడ మూలకు చేరేవాళ్లం...

అంతకుముందు అంత వేడి ఉండేది కాదు. గోడ అవతల ఒక పాత పెంకుటిల్లు, చుట్టూ కానుగ చెట్లు ఉండేవి. అవన్నీ కొట్టేసి నాలుగంతస్తుల కంప్యూటర్ కోచింగ్ సెంటర్ కట్టారు. ఏసీ డబ్బాలన్నీ మా వైపే పెట్టారు. లోపల పిల్లలు చల్లగా కంప్యూటర్ నేర్చుకుంటుంటే, ఆ వేడంతా మా మీదికి వచ్చేది.

ఎండ అందరికీ ఒకటే అనుకునేదాన్ని అప్పట్లో. కానీ నాన్న పొద్దున్నే బేగంపేట ఆఫీసులో ఫ్యాన్ల కిందికి వెళ్లిపోయేవాడు. అన్న చొక్కా విప్పి నల్లా కింద కూర్చునేవాడు. అమ్మ పంజాగుట్టలో చీరలకు ఫాల్స్ కుట్టే దుకాణానికి వెళ్లేది. ఇంట్లో మిగిలేది నిండా చీర చుట్టుకున్న నానమ్మ, కాపలాకి నేను.

కాపలా ఎందుకంటే... మా ఐదు వాటాలకూ కలిపి ఒకటే పాయఖానా, అదీ గేటు దగ్గర. తలుపుకి గొళ్లెం ఊడిపోయింది. కోచింగ్ సెంటర్ వచ్చాక ఆ గేటు పక్కనే టీ బండి వెలిసింది. రోజంతా మగపిల్లలు గుంపులుగా నిలబడి టీ తాగుతుండేవారు. మోకాళ్ల నొప్పులతో నానమ్మ వాళ్ల ముందు నుంచే నడిచి వెళ్లాలి, నేను తలుపు పట్టుకుని నిలబడాలి. అందుకే ఆమె తెల్లవారకముందు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి వెళ్లి వచ్చేది. మగవాళ్లకేం... ఊరు నిండా గోడలే!

అమ్మ పొద్దున్నే మట్టి రంజన్ నిండా నీళ్లు పోసి వెళ్లేది. నేను గ్లాసు ఇవ్వబోతే నానమ్మ ఎప్పుడూ ఒకటే మాట.

"నాకు దూప అయితలేదు బిడ్డా, నువ్వు తాగు."

నేనేమో దాహం వేయకపోవడం ఒక గొప్ప విద్య అనుకున్నాను! "మా నానమ్మకు దూపే కాదు తెలుసా?" అని స్నేహితుల దగ్గర గొప్పలు పోయేదాన్ని. నేనూ ఆమెలా ఉండాలని నాలుక తడుపుకుని గ్లాసు పక్కన పెట్టేసేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం నానమ్మ నన్ను ఎప్పుడో చనిపోయిన తన చెల్లెలి పేరుతో పిలిచింది. ఆడుకుంటోందనుకుని నవ్వాను. చెయ్యి పట్టుకుంటే పెనంలా కాలుతోంది. ఒంటి మీద చెమట చుక్క లేదు.

పక్క వాటాలో మేరీ ఆంటీ ఉండేది. ఆసుపత్రిలో ఆయా పని, ఆ రోజు ఇంట్లోనే ఉంది. ఏడుస్తూ పరుగెత్తాను. ఆమె వచ్చి నానమ్మ రవిక వదులు చేసి, తడి తువ్వాళ్లు కప్పి, అన్నను ఆటో కోసం పంపింది.

"ఎండదెబ్బ కొట్టింది పెద్దమ్మకు. పొద్దుగాల సంది ఎన్ని నీళ్లు తాగింది?"

"మా నానమ్మకు దూప కాదాంటీ..."

ఆంటీ నా ముఖం వంక చూసింది. "దూప కాని మనిషి ఉంటదా బిడ్డా?"

ఆటోలో నానమ్మ తల నా ఒళ్లో ఉంది. చచ్చిపోతుందనే అనుకున్నాను. దేవుళ్లందరికీ మొక్కాను, మేరీ ఆంటీ దేవుడికి కూడా.

సాయంత్రానికి ఆసుపత్రిలో సెలైన్ ఎక్కాక, నానమ్మ కళ్లు తెరిచి నన్ను నా పేరుతోనే పిలిచింది. హమ్మయ్య... అమ్మ దుకాణం నుంచి పరుగున వచ్చి పక్కనే నిలబడి ఉంది. డాక్టరమ్మ మంచినీళ్ల సీసా పెట్టి, ఇకనుంచి బాగా తాగాలని గట్టిగా చెప్పి వెళ్లింది. నానమ్మ సీసా ముట్టుకోలేదు. చుట్టూ చూసి, మెల్లగా నన్ను అడిగింది.

"బాత్రూం ఏడున్నదే?"

"గదే నానమ్మా, మంచం పక్కన్నే."

"లోపట గొళ్లెం ఉన్నదా?"

వెళ్లి వేసి చూసి వచ్చాను. "ఉన్నది."

"అయితే గా సీస ఇటియ్యి."

గటగటా తాగేసింది. ఇంకోటి తెమ్మంది. నేను బిత్తరపోయి చూస్తున్నాను. అమ్మకి మాత్రం అర్థమైంది. స్టూలు మీద కూలబడి, ఏడుస్తూనే అంది.

"నాకు సుత గంతే అత్తమ్మా... దుకాణంల పొద్దుందాక చుక్క ముట్ట."

నానమ్మ ఇంటికి రాగానే అమ్మ, నాన్నతో బాత్రూం మాట ఎత్తింది. నాన్న తల గోక్కున్నాడు.

"గింత ఇరుకింట్ల ఏడ పెడతం?"

"నీ మంచం ఏసే జాగల. నువ్వు వాకిట్ల పండుకో. మగోనివి, నీకేం ఫికర్?"

మేరీ ఆంటీని వెంటబెట్టుకుని వెళ్లి అమ్మే ఇంటి ఓనరును ఒప్పించింది. నెల తిరిగేలోపు చిన్న బాత్రూం లేచింది. నానమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది, మధ్యాహ్నానికే రంజన్ ఖాళీ చేస్తూ!

ఇప్పుడు మధురానగర్‌లో మా ఫ్లాట్‌లో రెండు బాత్రూములు. ఎండలు మాత్రం అప్పటికంటే ముదిరాయి. మొన్న పంజాగుట్టలో చీర కొంటుంటే, కౌంటర్ దగ్గరి అమ్మాయి పక్కన మూత తీయని నీళ్ల సీసా కనిపించింది. తాగొచ్చు కదమ్మా అన్నాను. "బాత్రూం పక్క బిల్డింగుల ఉందక్కా" అని నవ్వేసింది...

మీ అమ్మనో, అత్తనో, పనికి వెళ్లే మీ అమ్మాయినో ఒక్కసారి అడగండి... బయటికి వెళ్లిన రోజు నీళ్లు తాగుతున్నారా అని. ఏమన్నారో కింద రాయండి. నేను అన్ని ఎండాకాలాలు నానమ్మ పక్కనే పడుకున్నాను కానీ, ఎందుకు తాగవు అని ఒక్కసారీ అడగలేదు.